కుడి మూల ఇంటు గుర్తు

ఇటియ్యి, ఇటియ్యి ఆ ఫోను. గట్ల పొడిస్తే పోతదా అది? అద్దం పగుల్తది గాని యాడ్ పోదు.

కూసో అంజయ్యా. ఆ కట్ట మీద కూసో, ఏంగాదు. పాత లా పుస్తకాలు, నాంపల్లి కోర్టు వకీళ్ళు గూడ అడుగుత లేరిప్పుడు. మాస్కు మాత్రం దించకు. అసలు ఐతారం పూట అబిడ్స్‌ల ఇంత మంది నడుమ నువ్వు రావొచ్చునా? కిడ్నీ పెట్టి నాలుగు నెలలు గూడ నిండలే. ఇంట్ల జంగమ్మకు చెప్పే వచ్చినవా?

చెప్పలే. నాకెర్కే. చెప్తే గడప దాటనిస్తదా ఆమె?

"ఫోను పట్టేసింది, దేవన్న చేస్తడని వచ్చిన" అంటవు. ఔ, దేవకుమార్ అంటే ఇప్పుడు గదే పేరు గీడ. ముప్పై రెండేండ్ల సంది ఇదే ఫుట్‌పాత్ మీద, ఇదే మూసిన షట్టర్ ముంగట పుస్తకాలు పరుస్తున్న. ఎవ్వడు నా పేరడగలే. ఫోన్ల మీద యాడ్లు తీసుడు మొదలువెట్టినంక పెద్ద పోస్టాఫీసు కాడ ఛాయ్ పోసేటాయనకు గూడ ఎర్కైన. యాడ్ తీసే అంకుల్ అట! నవ్వకు.

ఏ యాప్ ఇది? ఓ... మన దవాఖానదే.

చూడు, ఎట్ల కూసున్నదో. "మోకాళ్ళ నొప్పులా? ఈ వారమే సగం ధరకు పరీక్షలు." పరదా ఏసినట్టు మొత్తం కప్పేసింది. దీని కింద ఏమున్నయో తెల్సా? నీ గోలీల టైములున్నయ్. నీ రక్తం రిపోర్టులున్నయ్. పాణం కింద, మోకాళ్ళు మీద! గిదేం ఇన్సాఫ్ తమ్మీ?

రంగు చూడు మళ్ళ. దవాఖానోళ్ళు పంపే కబురు గదే ఆకుపచ్చ, ఈ యాడూ గదే ఆకుపచ్చ. గవే అక్షరాలు, మీద గదే గంట బొమ్మ. ఎవని తెలివో గాని రెంటికీ ఒక్కటే అంగీ తొడిగిన్రు. తేడా పట్టరాదు. పట్టరావొద్దనే తొడిగిన్రు.

నీకు పది గంటలకు గోలీ ఉంది గదా? జేబుల తెచ్చుకున్నవా? మంచిది. టైం ఎట్ల ఎర్కైతది నీకు? ఫోనే గుర్తు చేస్తదా? అది మోగితే వేస్కుంటవు, గంతే? ఔలే. కొత్త కిడ్నీని ఒళ్ళు తన్నేయకుండ పట్టి ఉంచేది ఆ గోలీనే అని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పిందో. పూట తప్పొద్దు అని.

ఇంక ఇరవై నిమిషాలుంది. కూసో, గిది జిద్దుది, జర టైం వడ్తది.

ఇంటు గుర్తు ఏడుందని వెతుకుతున్నవా? నీకు దొరకదు. యాడ్లల్ల మస్తు రకాలున్నయ్. ఒకటి మర్యాదస్తుల రకం, ఐదు సెకన్లు నిలవెట్టి ఇంటు ఇస్తది. ఇంకోటి ఆవగింజంత ఇస్తది, మన లావు వేళ్ళకు అందదు, జర పక్కన పడ్డదా, ఏదో దుకాణం తెరుసుకుంటది. ఇంకోటి ఉంటది, దాని ఇంటు ఉత్త బొమ్మ. నొక్కినవంటే నిన్నే లోపలికి గుంజుతది. "మీ ఫోన్‌ల వైరస్ ఉంది" అంటది ఒకటి. "అభినందనలు, మీ నంబర్ గెలిచింది" అంటది ఇంకోటి. గా అభినందనలు అనేది ఉంది చూడు, అన్నిట్ల కంత్రీ అదే.

నేను అందరికి నేర్పింది ఒక్కటే. చదవొద్దు. చదివినవంటే చిక్కినవ్. కన్ను అక్షరం దిక్కు పోవద్దు, కుడి దిక్కు పై మూలకు పోవాలె. ఇంటు దొరకాలె, వేలు పడాలె, అయిపోవాలె. కాలేజీ పిల్లలకు చెప్పిన, సేట్లకు చెప్పిన, మా చర్చిల అమ్మలకు చెప్పిన. పుస్తకాలమ్మేటోడు చదవొద్దని పాఠం చెప్తుండు! ఎవ్వరికి తట్టలే. నాకే తట్టలే.

అక్క ఎట్లుందంటవా, మా ఇంటామె మాబెల్?

ఏం చెప్పాలె. అట్లనే ఉంది. వారానికి మూడు రోజులు డయాలసిస్, గదే మిషను, గదే బెడ్డు. నీ బెడ్డు మీద ఇప్పుడు ఎవరో పోలీసాయన వస్తుండు, మాట్లాడడు. రెండు చేతుల నరాలు పనికిరాకుండ పోయినయ్, మెడల పైపు వేసిన్రు పోయిన నెల. అది గూడ ఎన్ని రోజులొస్తదో చెప్పలేమన్నరు. పైపు పోతే ఇంకేం దారి అని అడిగిన. డాక్టరమ్మ కాయితాలు సర్దుకున్నది.

నాలుగేండ్లాయె ఆమె పేరు లైన్‌ల వెట్టి. కిడ్నీ దొరికితేనే మా మాబెల్, దొరకకుంటే లేదు. గింత సీదా మాట అది. మందు లేదు, మాయ లేదు.

ఇవేంది? బత్తాయిలా? అక్కకా? అరే తమ్మీ... ఆమె తినొద్దు గదా. మూడేండ్లు పక్క బెడ్డు మీద పండుకున్నోడివి, నీకెర్క లేదా? ఒక్క బత్తాయి తొన కోసం నువ్వు నర్సు కాళ్ళు మొక్కినవ్ గాడ. నాలుగు నెలల్ల మర్చిపోయినవా? అయ్యో, ఊకే అన్న, ఫీల్ గాకు. మంచిగైనోళ్ళు మర్చిపోతరు. మర్చిపోవాలె గూడ. ఉంచు, నేనే తింట.

ఆఁ... ఏం లే. ఏదో వచ్చింది, తీసేసిన. నువ్వు ఇను.

ఏమంటున్న? ఔ, నా వేలు. చూడు ఈ బొటనవేలు. మొదట్ల నాకు మస్తు గొప్పగ ఉండె. నా కన్ను కంటె ముందు పోతది ఇది. తెర మీద ఏదన్న నిండుగ వచ్చిందంటే చాలు, అది ఏందని మనసు అడగక ముందే పని అయిపోతది. చప్పట్లు గొట్టెటోళ్ళు గీడ నిలవడి.

ఇప్పుడు దీన్ని చూస్తే భయమైతది అంజయ్యా.

నిద్రల గూడ కదుల్తదట. మాబెల్ చెప్పింది. దుప్పటి మీద టక్కు, టక్కు, ఎవర్నో పొమ్మన్నట్టు. మొన్న బైబిల్ తెరిచిన. కాయితం బైబిల్, ఫోన్‌ల ఉన్నది గాదు, ఫోన్ బైబిల్‌ల వాక్యానికో రమ్మీ యాడ్ వస్తదని అది బంద్ చేసిన. కాయితం బైబిల్ మీద గూడ కుడి మూలకు పోయింది వేలు. ఏమున్నదాడ? పేజీ నంబరున్నది. దాన్ని నొక్కిన.

పోయిన బుధారం డయాలసిస్ అయితుంది. మాబెల్ ఏందో చెప్తుంది నాకు, సన్నగ, మెల్లగ, పైపు మెడల ఉంటది గదా. ఇంటున్న నేను. చూస్తే నా చేయి లేసి ఉంది. ఆమె ముఖం ముంగట. కుడి పక్కకు. చేయి గుంజి జేబుల వెట్టుకున్న. "ఏందండీ" అన్నది. దోమ అన్న.

నువ్వెందుకు గట్ల చూస్తున్నవ్? పిచ్చి లేసిందనుకుంటున్నవా? లేసినా మంచిగుండు.

ఇను. ఇయ్యాల నువ్వే వచ్చినవ్ గాబట్టి చెప్తున్న. నేను పిలవలే నిన్ను. మూడు నెలల సంది ఎవరికి చెప్పాల్నో తెల్వక తిరుగుతున్న, చివరికి నీ కాళ్ళే నిన్ను తెచ్చినయ్.

మట్టలాదివారం నాడు. గుడ్ ఫ్రైడే ముందటి ఐతారం అది, మట్టలు పట్టుకొని పాటలు పాడ్కుంట పోతం చర్చిల. మాబెల్ చక్రాల కుర్చీల కూసోని మట్ట ఊపుతనే ఉండె. నేను పొద్దుగాల్ల ఆరాధనకు పోయొచ్చి గీడ దుకాణం పరిచిన. ఎండ మస్తు. పదకొండు దాటింది. ఒక కాలేజీ పిల్ల ఫోన్ తెచ్చింది, ఏదో ఆట యాప్, వాళ్ళ చెల్లె నొక్కి నొక్కి యాడ్లతోని నింపింది. సుట్టు ఐదారుగురు నిలవడ్డరు చూసుడుకు. నా ఫోన్ గీ పుస్తకాల మీదనే ఉంది.

అది వెలిగింది. ఆకుపచ్చగ. మీద గంట బొమ్మ.

"అంకుల్, మీ దాంట్ల గూడ యాడ్ వచ్చింది" అన్నదా పిల్ల. నేను చూసిన. మొదటి మాట మట్టుకే చూసిన. "అభినందనలు" అని ఉంది.

"చూడుండ్రి, దీన్ని ఎడమ చేత్తోని తీస్త, చూడకుండ తీస్త" అన్న. మొఖం అటు తిప్పుకొని తీసిన. అందరు నవ్విన్రు. ఒకాయన శభాష్ అన్నడు. నేను గూడ నవ్విన.

ఆ ఎన్క ఫోన్ మోగింది. తెల్వని నంబరు, ఎర్రగ, "స్పామ్ కావచ్చు" అని రాసుంది దాని మీద. కట్ చేసిన. మళ్ళ మోగింది. కట్ చేసిన. మూడోసారి మోగితే, ఇగ వీళ్ళు సతాయిస్తరని ఆ నంబరే బ్లాక్ వెట్టిన. రోజుకు పది వస్తయ్ గసొంటివి. లోను కావాల్నా, ప్లాటు కావాల్నా. నీకొస్తలేవా?

చెప్పు, నా తప్పేంది దాంట్ల?

సోమారం పొద్దుగాల డయాలసిస్‌కు పోయినం. నీ బెడ్డు ఖాళీ. అది ఖాళీ ఐతే ఏం సమజైతదో నీకెర్కే గదా. నర్సు నవ్వుకుంట వచ్చి చెప్పింది, "అంజయ్యకు కిడ్నీ దొరికింది, రాత్రే ఆపరేషన్ అయింది" అని. మాబెల్ సూదులున్న చేతులే పైకెత్తింది. ఏడ్చింది. సంతోషం తోని. అఫ్జల్‌గంజ్ గోదాంల బస్తాలు మోసుకుంట ఇద్దరు ఆడపిల్లలను సాదేటోడు, వాని దిక్కు చూసిండు దేవుడు అన్నది. ఆ ఐతారం చర్చిల నిలవడి నీ పేరు చెప్పి ప్రార్థన చేయించింది. "మా ఎన్క చేరిన తమ్ముడు మా కన్న ముందు బయటవడ్డడు, స్తోత్రం" అన్నది.

నేను ఆమెన్ అన్న. గట్టిగ అన్న.

పదిహేను రోజులకు దవాఖానల నళిని మేడం పిలిచింది. గదే, లైన్ చూసే మేడం. ఒక్కన్నే రమ్మన్నది. "అంకుల్, మీరు జవాబెందుకు ఇయ్యలే?" అన్నది. ఏం జవాబు అన్న. కంప్యూటర్ తిప్పి చూపిచ్చింది. మట్టలాదివారం, పదకొండు గంటల పద్నాలుగు నిమిషాలు. "అభినందనలు. మాబెల్ గారికి సరిపోయే కిడ్నీ వచ్చింది. గంట లోపల ఇక్కడ నొక్కి జవాబు ఇవ్వండి." దాని కింద రాసుంది, "చూశారు. మూసివేశారు." మూడు ఫోన్లు గూడ రాసున్నయ్. తిరస్కరించారు. తిరస్కరించారు. తిరస్కరించారు.

ఎవడన్న అభినందనలు అని మొదలువెడ్తడా అంజయ్యా? పాణం కబురు పంపేటప్పుడు? పేరు తోని మొదలువెట్టరాదా? "మాబెల్" అని మొదటి మాట ఉంటే నా వేలు ఆగకపోవునా? ఆమె పేరు చూసి గూడ ఆగకపోయేదా ఇది?

ఏమో. ఇప్పుడు అది గూడ గట్టిగ చెప్పలేను.

గంట చూసిన్రట. గంట దాటినంక రూల్ ప్రకారం లైన్‌ల తర్వాతి పేరుకు పోయిన్రు. బి పాజిటివ్ లైన్. మొదటి పేరు మాబెల్‌ది. తర్వాతి పేరెవరిది?

చెప్పు. నీ నోటితోనే చెప్పు.

ఔ. నీదే.

లేవకు, కూసో. కుట్లు గుంజుతయ్. నేను నిన్నేమంటలే. నువ్వేమన్న దొంగతనం చేసినవా? పిలిచిన్రు, పోయినవ్. ఎవ్వరైన పోతరు. నీ ఫోన్ జంగమ్మ చేతుల ఉండె ఆ రోజు, ఔనా? ఆమెకు యాడ్లు తీసుడు రాదు గదా! ఎన్నిసార్లు నవ్విన నేను ఆమె మీద. ఏది వచ్చినా కూడబలుక్కుంట చదువుతది, రమ్మీ యాడ్ గూడ చదువుతది, వైరస్ అంటే భయపడ్తది, లోను అంటే వద్దు బాబు అంటది ఫోన్ తోని. చదవొద్దే చెల్లె, ఇంటు నొక్కు అని నేను నేర్పవోతే, నాకు గంత తెలివి లేదన్నా అన్నది. ఆ రోజు గూడ చదివింది. పూర్తిగ చదివింది. నువ్వు బతికినవ్.

మాబెల్‌కు తెల్వదు. చెప్పకుండ్రి అని నళిని మేడంకు చేతులు మొక్కిన. ఇప్పటికి గూడ నా ఫోన్ మోగితే మాబెల్ తల తిప్పి చూస్తది. "మన కబురేమో చూడండి" అంటది. చూస్త అంట. ఒక్కొక్క అక్షరం చదువుతున్న ఇప్పుడు, యాడ్లన్ని చదువుతున్న, మోకాళ్ళవి, ప్లాట్లవి, అన్ని. మళ్ళ రాలే. వస్తదో రాదో, వచ్చేదాక పైపు ఉంటదో ఉండదో.

నువ్వు ఏడువకు. మాస్కు తడిస్తే పనిచెయ్యదు.

నువ్వు నవ్వుకుంట గీ గల్లీల నడిసొస్తుంటే ఏమనిపిస్తదో చెప్పనా? సంతోషమే అనిపిస్తది. నిజంగ. ఆ కింద ఇంకోటి ఉంటది. నువ్వు నీళ్ళ సీసా ఎత్తి గటగట తాగినవ్ ఇందాక. మాబెల్‌కు రోజుకు రెండు గ్లాసులే. నీ గొంతు కదులుతుంటే చూసిన. ఆ నీళ్ళు పోయేది ఏడికి, అది ఎవరిది, అనిపించింది. దేవుడు నన్ను క్షమించడు, నాకు తెల్సు. గీ మాట మాబెల్‌కు చెప్పలే, చర్చి అయ్యగారికి చెప్పలే, నీకే చెప్తున్న.

టైమెంతైందంటవా?

పదీ ఇరవై ఐదు.

మోగలేదంటున్నవా? మోగింది అంజయ్యా. పది గంటలకు సరిగ్గ నా చేతుల గుర్రుమన్నది. ఈ బస్సుల మోతల నీకు ఇనవడలే. బత్తాయిలు పక్కకు పెడ్తున్నవ్ అప్పుడు నువ్వు.

ఏదో వచ్చింది తీసేసిన అన్న గదా నీకు? అదే.

తప్పు వేలు మీద వెయ్యను ఈసారి. ఈసారి చదివిన. ఆకుపచ్చ తెర, గంట బొమ్మ. "అంజయ్య గారూ, మీ గోలీ వేసుకునే సమయం." నీ పేరు కాడ చాలాసేపు ఆగిన. ఆ పేరు కాడ ఇంకో పేరు ఉండాలె గదా అని. ఇంటు నొక్కిన. "మళ్ళీ గుర్తు చేయాలా?" అని అడిగింది. అది గూడ చదివిన. వద్దు అని నొక్కిన.

గట్ల చూడకు. తియ్యి, జేబులకెళ్ళి తియ్యి గోలీ. ఇగో నీళ్ళు. నా ముంగటనే వేస్కో, నేను చూడాలె. ఇరవై ఐదు నిమిషాలకు ఏంగాదు, డాక్టరమ్మే చెప్పింది. తాగు. నిండ తాగు, నువ్వు తాగొచ్చు.

మింగినవా?

ఇగ తీస్కో నీ ఫోను. మోకాళ్ళ యాడ్ నువ్వు కూసున్న రెండో నిమిషానికే పోయింది. నేనే ఇయ్యలే. మళ్ళ గది పట్టేస్తే నా కాడికి తేకు. జంగమ్మకియ్యి. ఆమె చదువుతది.